నవ్వులు కత్తిరిస్తే

పెదనాన్న చెప్పింది చిన్న పనే. యూట్యూబులో ఉన్న ఆరేడు నిమిషాల వీడియోని నాలుగు నిమిషాలకి కుదించి పెన్ డ్రైవ్‌లో వేసిపెట్టమన్నాడు. గుణదల తిరునాళ్లకి వారం ముందు వాళ్ల విచారణలో యువజనుల సమావేశం ఉంది. అందులో ఆయన పావుగంట మాట్లాడాలి. అంశం విశ్వాసం, ఉదాహరణ సూసన్ బాయిల్.

అడగడం మాత్రం అడగకూడని మనిషిని అడిగాడు. తమ్ముడి కూతురు హైదరాబాదులో ఒక టీవీ చానల్లో ఎడిటర్. ఆరేళ్లుగా పాటల పోటీలు కత్తిరించడమే ఆ అమ్మాయి ఉద్యోగం. తిరునాళ్లకని పది రోజులు సెలవు పెట్టి విజయవాడ వచ్చింది, లాప్‌టాప్ మాత్రం వెంట తెచ్చుకుంది.

"ఏది తీసెయ్యమంటావు పెదనాన్నా?"

"పాట ఉంచు. జడ్జీల మాటలు కాస్త తగ్గించు. పాటకి ముందు జనం నవ్వుతారు చూడు, అది మాత్రం ఒక్క ముక్క పోకూడదు."

"నేనైతే ముందు తీసేది అదే."

వంటింట్లో పెద్దమ్మ నిట్టూర్చింది. ఆ ఇంట్లో ఈ ఇద్దరికీ వాదన మొదలైతే భోజనాల వేళ తప్పుతుందని ఆవిడకి అనుభవం. ఆయన రిటైరైన స్కూలు మాస్టారు. గుళ్లో నలభై ఏళ్లు క్వయర్ నడిపాడు. హార్మోనియం ముందు కూర్చుంటే ఎంత మెత్తన, వాదనకి కూర్చుంటే అంత మొండి.

వీడియో చూడనివాళ్లు తక్కువే. 2009 జనవరిలో గ్లాస్గోలోని క్లైడ్ ఆడిటోరియంలో జరిగిన 'బ్రిటన్స్ గాట్ టాలెంట్' ఆడిషన్ అది. రేగిన జుట్టు, లేసు గౌను, నల్ల మేజోళ్లతో ఒకావిడ స్టేజీ మధ్యకి వస్తుంది. వయసు నలభై ఏడని చెప్పగానే హాల్లో గుసగుసలు. ఎలెయిన్ పేజ్ అంతటి గాయని కావాలని ఉందంటుంది. కెమెరా ప్రేక్షకుల్లో ఒకమ్మాయి వెటకారపు చూపుని పట్టుకుంటుంది. ఆ తర్వాత ఆవిడ 'ఐ డ్రీమ్డ్ ఎ డ్రీమ్' ఎత్తుకుంటుంది. మొదటి చరణం అయ్యేలోపే జనం లేచి నిలబడతారు. ముందు అందరూ నిన్ను చూసి నవ్వారని జడ్జి పియర్స్ మోర్గాన్ ఆవిడతోనే ఒప్పుకున్నాడు. అమాండా హోల్డెన్ తమ కళ్లు తెరుచుకున్నాయంది. సైమన్ కోవెల్‌తో కలిపి ముగ్గురూ సరేనన్నారు. ఏప్రిల్ 11న ఐటీవీ దాన్ని ప్రసారం చేసింది. తొమ్మిది రోజులు తిరిగేసరికి ఇంటర్నెట్‌లో ఆ వీడియోలని 10 కోట్లకు పైగా సార్లు చూశారు.

"ఆ తారీకు గమనించావా?" పెదనాన్న గొంతు తగ్గించాడు. "ఆ ఏడాది ఈస్టర్ ఏప్రిల్ 12. అంటే ఇది పవిత్ర శనివారం రాత్రి. లోకమంతా సమాధి దగ్గర కాపలా ఉండే రాత్రి. లూర్దుమాత గుళ్లో పాడుకునే ఓ పేదింటి ఆడకూతురిని ఆ రాత్రే దేవుడు లేపి నిలబెట్టాడు. అద్భుతం కాక మరేమిటంటావు?"

"మూడో సీజన్ మొదటి ఎపిసోడ్ అంటాను," అంది అమ్మాయి. "పండగ సెలవులు, జనం ఇళ్లల్లో ఉంటారు. సంక్రాంతికి మేం ఏం చేస్తామో ఈస్టర్‌కి వాళ్లూ అదే చేశారు. అయినా జనవరిలో పాడినదాన్ని ఏప్రిల్ దాకా దాచిపెట్టారు. మూడు నెలలు వాళ్ల చేతిలో ఉన్న పాట అది. చూసేవాళ్లకి హఠాత్తు కానీ, చూపించినవాళ్లకి కాదు."

వృత్తి రహస్యాలు చెప్పడం మొదలుపెడితే ఆ అమ్మాయిని ఆపడం కష్టం. ఇలాంటి కార్యక్రమాల్లో పెద్ద జడ్జీల ముందుకి రాకముందే నిర్మాతల బృందం ఒకసారి వింటుంది. ఎవరు పాడగలరో, ఎవరు నవ్విస్తారో ఆ గదిలోనే తేలిపోతుంది. హాల్లో నాలుగైదు కెమెరాలు జనం మొహాల మీదే ఉంటాయి. మూడువేల మొహాల్లో వెక్కిరించినవి పదుంటే చాలు.

"ఆ టేబుల్ దగ్గర నేను లేను, వాళ్లు మోసం చేశారని అనను. కానీ ఆ పిల్ల మొహం అంతసేపు ఉంచాలని ఎవరో ఒకరు కూర్చుని తేల్చారు. పాట ఎంత మధురంగా వినిపించాలో అంతకు సరిపడా వెక్కిరింత ముందు పొయ్యాలి. పచ్చడికి ఉప్పు లెక్క."

"మరి ఉప్పు లేకపోతే పచ్చడి నిలవుంటుందా?" అన్నాడాయన. "దావీదుని చూసి గొల్యాతు నవ్వకపోతే ఆ కథ ఎవడు చెప్పుకుంటాడు? నవ్వు ఉండాలి. తృణీకారం ఉండాలి. అప్పుడే మహిమ కనిపిస్తుంది."

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఈ తగాదా అంతా 'హఠాత్తుగా' అన్న ఒక్క మాట మీద నిలబడి ఉంది. సూసన్ బాయిల్ జీవితంలో 2009 ముందున్నవి నలభై ఏడేళ్లు. ఆ ఏళ్లని పెదనాన్న కష్టాల కింద రాసుకున్నాడు. అమ్మాయి సాధన కింద రాసింది. రెండూ అవే ఏళ్లు.

1961 ఏప్రిల్ 1న పుట్టింది. ఊరు స్కాట్లాండులోని వెస్ట్ లోథియన్ జిల్లాలో బ్లాక్‌బర్న్. పిల్లలు ఎక్కువమంది ఉన్న కేథలిక్ కుటుంబంలో ఆఖరి పిల్ల. కాన్పు సమయంలో ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిందని, ఈ బిడ్డ మీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దని పెద్దవాళ్లకి చెప్పారు. స్కూల్లో పిల్లలు 'సూజీ సింపుల్' అని పేరు పెట్టి ఏడిపించేవాళ్లు. ఒక కాలేజీ వంటశాలలో ఆరు నెలలు శిక్షణ కింద పని చేసింది. ప్రభుత్వ ఉపాధి పథకాల్లో కొన్నాళ్లు. చెప్పుకోదగ్గ ఉద్యోగం అంతకుమించి లేదు. పెళ్లి చేసుకోలేదు. కౌన్సిల్ కట్టించి ఇచ్చిన ఇంట్లో తల్లితోనే ఉండిపోయింది, ముసలితనంలో ఆవిడని చూసుకుంది. 2007లో తొంభై ఒకటో ఏట తల్లి బ్రిజెట్ పోయింది. ఆ తర్వాత నలుగురిలో నోరు విప్పి పాడలేదు. మళ్లీ పాడింది ఆ ఆడిషన్‌లోనే.

"ఎందుకు వెళ్లింది ఆడిషన్‌కి?" పెదనాన్న వేలెత్తాడు. "తల్లి కోరిక. ఆవిడ బతికుండగా వెళ్లవే వెళ్లవే అని పోరింది, ఈమె వెనకాడింది. తల్లి పోయాక ఆ మాట నిలబెట్టడానికి వెళ్లింది. గుళ్లో ముసలివాళ్ల ఇళ్లకి వెళ్లి పలకరించి వచ్చే మనిషి. విచారణ వాళ్లతో కలిసి ఐర్లండులో నాక్ క్షేత్రానికి యాత్ర వెళ్లేది, అక్కడ మరియమ్మ తల్లి గుళ్లో పాడేది. మనం గుణదల కొండెక్కినట్టే. విశ్వాసం తీసేస్తే ఆ మనిషిలో ఏం మిగులుతుంది?"

"గొంతు మిగులుతుంది. ఆ గొంతు ఎక్కడ తయారైందో నీ ప్రసంగంలో ఒక్క ముక్క లేదు."

అమ్మాయి చెప్పుకుపోయింది. ఫ్రెడ్ ఓనీల్ అనే గురువు దగ్గర ఏళ్ల తరబడి పాఠం. ఎడింబరోలో నటన నేర్పే స్కూలు. 1995లో మైఖేల్ బ్యారీమోర్ టీవీ కార్యక్రమానికి ఆడిషన్, అక్కడా ఎగతాళే ఎదురైంది. 1998లో కూడబెట్టుకున్న డబ్బంతా పోసి పాటల టేపు చేయించుకుని కంపెనీలకి పంపింది. 1999లో వెస్ట్ లోథియన్ వాళ్లు ఒక సేవా కార్యక్రమం కోసం స్థానిక గాయకులతో సీడీ తెస్తే అందులో 'క్రై మీ ఎ రివర్' పాడింది. ఆ సీడీలు అచ్చయింది వెయ్యి మాత్రమే.

"ఆ పాట విన్నావా పెదనాన్నా?"

వినలేదు. అమ్మాయి వినిపించింది. నెమ్మదైన జాజ్ పాట, ఎక్కడా అరుపు లేదు. ఊపిరి ఎక్కడ తీసుకుందో తెలియడం లేదు. పెదనాన్న కళ్లు మూసుకుని విన్నాడు. కుడిచేతి వేళ్లు మోకాలి మీద, లేని హార్మోనియం మెట్ల మీద కదిలాయి.

"పదేళ్ల ముందుదా ఇది?"

"పదేళ్ల ముందుది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు, ఎవరూ లేచి నిలబడలేదు. విన్నవాళ్లే లేరు. నీ క్వయర్‌లో ప్రాక్టీసుకి రాకుండా ఆదివారం నేరుగా పూజకి వచ్చి 'దేవుడే పాడిస్తాడు మాస్టారూ' అన్నవాడిని ఏం చేసేవాడివి?"

"బయట కూర్చోబెట్టేవాణ్ణి."

"మరి ఈవిడ ముప్ఫై ఏళ్ల ప్రాక్టీసుని నువ్వు బయట కూర్చోబెడుతున్నావు. స్టేజీ మీదే ఆ క్షణానే దేవుడు గొంతులో పోశాడని పిల్లలకి చెప్పబోతున్నావు."

ఆయన జవాబు చెప్పలేదు. తన నోట్సు తీసి ఏదో కొట్టేశాడు. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం ఆయన ఒప్పుకున్నది ఇదొక్కటే. అదీ తమ్ముడి కూతురి ముందు ఒప్పుకున్నట్టు కాకుండా, క్వయర్ మాస్టారు సాటి పాటగత్తెకి లేచి కుర్చీ ఇచ్చినట్టు.

తర్వాత పాట అర్థం దగ్గర పేచీ వచ్చింది. తీరిన కల గురించిన పాట అని పెదనాన్న నమ్మకం. ప్రపంచంలో సగంమంది నమ్మకం కూడా అదే. పాట వెనక కథ వేరు. విక్టర్ హ్యూగో 1862లో అచ్చువేసిన 'లె మిజెరాబ్ల్' నవలలో ఫాంటీన్ అనే కార్మికురాలు ఉంటుంది. నమ్మినవాడు వదిలేసి పోతాడు, ఫ్యాక్టరీలో పని ఊడుతుంది, బిడ్డకి డబ్బు పంపడానికి జుట్టు అమ్ముకుంటుంది, పళ్లు అమ్ముకుంటుంది, ఆఖరికి ఒళ్లు అమ్ముకుంటుంది. నవల మీద వచ్చిన సంగీత నాటకంలో ఫాంటీన్ పాడే పాట అది. స్వరం క్లాడ్ మిషెల్ షోన్‌బెర్గ్‌ది. 1985లో లండన్ రంగస్థలం మీద పాటీ లుపోన్ పాడింది. అది కల చచ్చిపోయినదాని పాట.

"బీదలపాట్లు!" అన్నాడు పెదనాన్న, చిన్నపిల్లాడిలా. "నాగయ్యగారి సినిమా. 1950. అదీ ఈ నవలే. బిషప్పు వెండి కొవ్వొత్తి స్తంభాలు ఇచ్చేస్తాడే, ఆ ఘట్టం మాకు ఇంగ్లీషు పాఠంగా కూడా ఉండేది." కాసేపు నాగయ్య మీదికి పోయాడు. చేతికి ఎముక లేకుండా పంచి, కడకు చిల్లర వేషాలకి దిగిన మహాగాయకుడు. మాట మళ్లీ స్కాట్లాండుకి రావడానికి ఒక గ్లాసు టీ పట్టింది.

"అయితే ఇంకా మంచిది," అన్నాడు టీ తాగి. "చచ్చిన కల పాట పాడి బతికిన కల సంపాదించింది."

"సంపాదించాక ఏమైందో తెలుసా?"

ఈ భాగం ఆయన ప్రసంగంలో లేదు. మే 24న సెమీఫైనల్. మే 30న ఫైనల్, డైవర్సిటీ అనే డాన్సు బృందం గెలిచింది, ఈవిడ రెండో స్థానం. మర్నాడే అంబులెన్సు. లండన్‌లోని ప్రయరీ అనే మానసిక చికిత్సాలయంలో చేర్చారు, కొద్ది రోజులు ఉంచుకున్నారు. ఆడిషన్ ప్రసారమైన నాటి నుంచి అప్పటికి ఏడు వారాలు. ఆ ఏడు వారాలూ బ్లాక్‌బర్న్ ఇంటి గుమ్మం ముందు విలేకరులు, కెమెరాలు. టాబ్లాయిడ్లు 'సూబో' అని ముద్దుపేరు పెట్టాయి. దానితో ఆగక 'హెయిరీ ఏంజెల్' అన్నాయి, వెంట్రుకల దేవదూత అని. ఆవిడని వేధించొద్దని ప్రెస్ కంప్లెయింట్స్ కమిషన్ సంపాదకులకి హెచ్చరిక పంపాల్సి వచ్చింది. ప్రధానమంత్రి గోర్డన్ బ్రౌన్ కూడా ఆవిడ ఎలా ఉందని వాకబు చేశాడు. ఒక పాటల పోటీ దేశాన్ని అక్కడిదాకా తీసుకెళ్లింది.

"నీ వీడియోలో ఉన్న నవ్వుకి ఆ అంబులెన్సుకి మధ్య ఉన్నది ఏడు వారాలే పెదనాన్నా. మొదటిది చూపించి రెండోది దాచిపెడితే అది సాక్ష్యం ఎలా అవుతుంది?"

పెదనాన్న చాలాసేపు మాట్లాడలేదు. మాట్లాడినప్పుడు గొంతులో వాదన తగ్గి కోపం పెరిగింది.

"నువ్వు ఆవిడ పక్షాన మాట్లాడుతున్నానని అనుకుంటున్నావు. నీ మాటల్లో కూడా ఆవిడ లేదమ్మా. వాడు ఎడిట్ చేశాడు, వీడు రాశాడు, ఇంకొకడు నవ్వాడు. ఆవిడేం చేసింది? ఆ వీడియో మళ్లీ చూడు. వయసు చెప్పగానే నవ్వితే ఆవిడ కుంచించుకుపోయిందా? నడుం తిప్పి, నాలో ఇదొక పక్క మాత్రమే అని ఎదురు జోకు వేసింది. మూడువేలమంది ముందు. నలభై ఏడేళ్లు ఏడిపించుకున్న మనిషికి నవ్వే జనాన్ని ఎలా కాచుకోవాలో నీకంటే, నీ నిర్మాతలకంటే బాగా తెలుసు. వాళ్లు ఆవిడని చూసి నవ్వారు. నువ్వు జాలిపడుతున్నావు. రెంటికీ ఎంత తేడా?"

ఈసారి లాప్‌టాప్ మూత వేసింది అమ్మాయి.

నిజమే. జాలి కథలో సూసన్ బాయిల్ ఇమడదు. ఆసుపత్రి నుంచి వచ్చిన నెలల్లోనే స్టూడియోకి వెళ్లింది. నవంబరు 23న మొదటి ఆల్బం వచ్చింది. ఒక్క వారంలో బ్రిటన్‌లో 4,11,820 కాపీలు, అమెరికాలో 7 లక్షలు దాటి అమ్ముడయ్యాయి. అందులో రోలింగ్ స్టోన్స్ వాళ్ల పాట పక్కనే 'హౌ గ్రేట్ దౌ ఆర్ట్', 'అమేజింగ్ గ్రేస్' లాంటి గుడి పాటలున్నాయి. 2010 సెప్టెంబరు 16న పోపు 16వ బెనడిక్టు గ్లాస్గో వచ్చినప్పుడు బెల్లాహౌస్టన్ పార్కులో ఆయన ముందు పాడింది. డబ్బొచ్చాక ఊరు మారలేదు. పాత కౌన్సిల్ ఇంటినే కొనుక్కుంది. కొత్త ఇల్లు కూడా కొంది కానీ తల్లితో ఉన్న ఇంటినే పట్టుకుని ఉండిపోయింది. ఆవిడ కథ మీద 2012లో న్యూకాజిల్‌లో సంగీత నాటకం ఆడారు.

"అదీ," అన్నాడు పెదనాన్న. "అంత తుపానులో ఏది పట్టుకుని నిలబడింది? ఆ గుడి. జపమాల. ఆ ఊరు."

"రికార్డు కంపెనీ కాంట్రాక్టు కూడా అను. ప్రతి కాపీకి డబ్బొచ్చింది కాబట్టే ఆ ఇల్లు కొనగలిగింది. మన దగ్గర చూడు."

మన దగ్గర అనగానే ఇద్దరికీ ఒకే పేర్లు గుర్తొచ్చాయి. 2018లో తూర్పు గోదావరి వడిసలేరుకి చెందిన కూలీ పసల బేబీ తనకోసం తను పాడుకున్న పాట ఫోన్లలో తిరిగి తిరిగి ఎ.ఆర్. రెహమాన్ కంటపడింది, ఆయన పదిమందికీ పంచాడు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గొంతు 2021లో 'భీమ్లా నాయక్' పాటతో ఊరూరా మోగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో అదే మనిషి హైదరాబాదు శివార్లలో కట్టడం పని దగ్గర రోజు కూలీగా కనిపించాడని పేపర్లన్నీ రాశాయి.

"మొగులయ్యకి విశ్వాసం తక్కువా పెదనాన్నా? తాతల నాటి కిన్నెరని ఆకలితో ఉండి కూడా వదల్లేదు. అంతకంటే ఏం కావాలి? తేడా ఎక్కడుంది? ఆవిడకి పాట మీద రాబడి ఉంది. ఈయనకి సన్మానాలూ శాలువాలూ ఉన్నాయి."

"శాలువాలు మా ఇంట్లోనూ పదకొండున్నాయి," పెద్దమ్మ గుమ్మంలోంచి అంది. "ఒక్కటీ చలికి ఆగదు."

ముగ్గురూ నవ్వారు. నవ్వాక పెదనాన్న ఒక మెట్టు దిగాడా అంటే, లేదు. బాలసుబ్రహ్మణ్యాన్ని తెచ్చాడు. 1996లో 'పాడుతా తీయగా' మొదలైనప్పటి నుంచీ ఆయన పిల్లల తప్పులు చెబుతూనే ఉండేవాడు. తప్పు చెప్పిన ప్రతిసారీ పాడి చూపించాడు. ఏ పిల్లనీ నవ్వులపాలు చెయ్యలేదు. టీవీ అంటే వెక్కిరింతే అనడం నీ కాలపు మాట, నా కాలంలో టీవీ కూడా మర్యాదగా ఉండేదని ఆయన వాదన. అమ్మాయి దాన్ని కాదనలేదు. అవునంటే తన ఉద్యోగానికి అదే తీర్పు అవుతుంది. బ్రిటన్‌లో మాత్రం 2021 ఏప్రిల్ నుంచి ఆఫ్‌కామ్ అనే నియంత్రణ సంస్థ కొత్త నిబంధన తెచ్చిందని చెప్పింది. కార్యక్రమాల్లో పాల్గొనే మామూలు మనుషుల క్షేమానికి చానళ్లు తగిన జాగ్రత్త తీసుకుని తీరాలి. బాయిల్ ఒక్కరి వల్ల వచ్చింది కాదది. వేరే షోలలో పాల్గొన్న కొందరి చావుల తర్వాత వచ్చింది.

అప్పుడు పెదనాన్న అడిగిన ప్రశ్న వాదన కోసం అడిగింది కాదు. "ఆ మెదడు దెబ్బ సంగతి... పాట పాడేవాళ్లకి అది అడ్డం కాలేదా?"

"అసలు దెబ్బే లేదు."

2012లో స్కాట్లాండు నిపుణులు ఒకరు పరీక్షలు చేసి అది ఆస్పర్జర్స్ అని తేల్చారు. తెలివి సగటు కన్నా ఎక్కువేనని కూడా చెప్పారు. 2013 డిసెంబరులో బాయిల్ స్వయంగా పత్రికకి ఈ విషయం చెప్పింది, విని ఊరట కలిగిందని చెప్పింది. అప్పటికి ఆవిడకి యాభై దాటాయి. హఠాత్తుగా జనం ఎగబడితే, వెలుగులూ చప్పుళ్లూ పెరిగితే, రోజూ ఉండే క్రమం తప్పితే అలాంటి మనిషికి ఎంత కష్టమో ఇప్పుడు మనకి తెలుసు. 2009లో ఆ ఏడు వారాలు ఆవిడ కోపగించుకున్నా, కన్నీళ్లు పెట్టుకున్నా పత్రికలు దానికి పొగరనీ పిచ్చనీ పేర్లు పెట్టాయి.

పెదనాన్న కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. నలభై ఏళ్లు స్కూల్లో పనిచేసిన మనిషి. ఎవరి మొహం గుర్తొచ్చిందో చెప్పలేదు. "యాభై ఏళ్లు తప్పు చీటీ మెడలో వేసుకుని తిరిగింది," అన్నాడు. "మా బడిలో కూడా రాసేవాళ్లం అలాంటి చీటీలు."

కాసేపటికి పని దగ్గరికి వచ్చారు. బేరం మొదలైంది.

మొదట నల్ల తెర మీద 1999 నాటి పాట ఇరవై సెకన్లు పెడదామంది అమ్మాయి, బొమ్మ లేకుండా. "బొమ్మ లేకపోతే పిల్లలు ఫోన్లు తీస్తారు," అన్నాడాయన. "గుళ్లో నీ క్వయర్ పాట వెనక నుంచేగా వచ్చేది, కళ్లు మూసుకుని వింటారుగా," అంది. సరేనన్నాడు. నవ్వుల దగ్గర మళ్లీ పీటముడి పడింది. ఆయనకి పది సెకన్లు కావాలి. ఆమె ఒక్కటీ ఇవ్వనంది. చివరకి ఆవిడ నడుం తిప్పి జోకు వేసిన ముక్క ఉంచి, దానికి ముందు మూడు సెకన్ల నవ్వు ఉంచారు. అప్పుడే ఆ జోకు దేనికి జవాబో తెలుస్తుంది. వెటకారంగా చూసిన అమ్మాయి మొహం తీసేశారు. ఆ పిల్ల కూడా ఎక్కడో బతుకుతూ ఉంటుంది కదా, పదిహేనేళ్లకి పైగా అందరూ ఆ ఒక్క చూపే చూపిస్తుంటే ఎలా ఉంటుందో అని పెద్దమ్మ అంది. ఆ సంగతి వాదించుకున్న ఇద్దరికీ తట్టలేదు.

ప్రయరీ సంగతి వీడియోలో వద్దు, నోటితో చెబుతానన్నాడు పెదనాన్న. నోట్సులో పవిత్ర శనివారం వాక్యం మాత్రం అలాగే ఉంచాడు. అమ్మాయి దాన్ని వేలితో చూపించింది. ఆయన కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంతకీ ఆవిడ ఇప్పుడెలా ఉంది?" పెద్దమ్మ అడిగింది. "పాడుతోందా?"

అమ్మాయి వెతికింది. 2022 ఏప్రిల్‌లో చిన్నపాటి పక్షవాతం వచ్చింది. 2023 జూన్ 4న అదే పోటీ ఫైనల్ వేదిక మీద, లండన్ నాటక బృందంతో కలిసి, అదే పాట. పాడాక పక్షవాతం సంగతి తనే చెప్పింది, మళ్లీ స్టేజీ ఎక్కడానికి ఏడాది పాటు పోరాడానంది. గొంతు పద్నాలుగేళ్ల కిందటిది కాదు. పై స్వరాలు బృందంతో పంచుకుంది. హాలంతా లేచి నిలబడింది, ఒక్కరూ నవ్వలేదు.

పెదనాన్న ఆ వీడియో రెండుసార్లు పెట్టించుకున్నాడు. రెండోసారి ధ్వని పెంచమన్నాడు.

"ఇది కూడా కలపగలవా?"

"నాలుగు నిమిషాలన్నావు."

"ఫాదర్ గారితో నేను మాట్లాడుకుంటాలే. ఎంతవుతుంది?"

"అయిదూ నలభై."

"నా మాటల్లోంచి రెండు నిమిషాలు తీసెయ్యి," అన్నాడు పెదనాన్న.